రిజిస్టరులోకి ఎక్కిందా?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపండని మన హాస్టలు నుంచి కబురు వచ్చినప్పుడు మేమిద్దరం వారం రోజులు ఫోన్లలో తర్జనభర్జన పడ్డాం. మాలో ఒకరం హైదరాబాదులో, ఒకరం బెంగళూరులో ఉంటున్నాం. ఇద్దరిదీ ఒకే రకం పని. ప్రతి సంచికలోనూ పాత విద్యార్థులు చదువు విలువ గురించి, క్రమశిక్షణ గురించి, వార్డెను గారి మంచితనం గురించి రాస్తూనే ఉన్నారు. అవన్నీ నిజాలే. మేమూ అవే రాయగలం. కానీ పోయినసారి వచ్చినప్పుడు తొమ్మిదో తరగతి తమ్ముడొకడు "అన్నా, మీరు అక్కడ కూర్చుని ఏం చేస్తారు?" అని అడిగితే "సాఫ్ట్‌వేరు" అని ఒక్క మాటతో తప్పించుకున్నాం. వాడి ముఖం చిన్నబోయింది. ఆ బాకీ తీర్చుకోవడానికే ఈ వ్యాసం. ఇంకో బాకీ కూడా ఉంది. దాని సంగతి ముందుకు పోయాక చెబుతాం.

మేము చేసే పని చెప్పాలంటే ముందు మన స్టోరు రూము దగ్గరికి రావాలి.

మా రోజుల్లో ప్రతి పూటా తినేవాళ్ళ లెక్క తీసేది కామాటి. వరండాలో నిలబెట్టి తలలు లెక్కపెట్టి, వంటగది వైపు తిరిగి "ఈ పూట డెబ్బై రెండు" అని కేక వేసేవాడు. వంట అక్క ఆ అంకెను స్టోరు తలుపు పక్కన మేకుకు తగిలించిన మార్కాపురం పలక మీద సుద్దతో రాసేది. దాన్నిబట్టే బియ్యం, కందిపప్పు కొలిచేవాళ్ళు. సాయంత్రం వార్డెను సారు వచ్చి, పలక చూసి, చిన్న చీటీ మీద ఎక్కించుకుని, ఆఫీసు గదిలో కూర్చుని స్టాకు రిజిస్టరులో సిరాతో రాసేవారు. కేక, పలక, చీటీ, రిజిస్టరు. నాలుగు మెట్లు. తనిఖీకి అధికారి వస్తే చూసేది నాలుగోదే. "సార్, పలక మీద ఉందండీ" అంటే ఆయన ఒప్పుకోరు. ఒకసారి తుఫాను రోజుల్లో కప్పు కారి, పలక తడిసి, రెండు పూటల లెక్క పోయింది. సారు పడిన అవస్థ మేము కళ్ళారా చూశాం. ఆ తర్వాత వంట అక్క రోజూ సాయంత్రం సారు ఇంటికి బయలుదేరుతుంటే గుమ్మం దగ్గర నిలబడి ఒకే మాట అడిగేది: "సారూ, రిజిస్టరులోకి ఎక్కిందా?"

తమ్ముళ్ళూ, మా ఉద్యోగం ఆ వంట అక్క ఉద్యోగమే. కంప్యూటరు గుమ్మం దగ్గర నిలబడి రిజిస్టరులోకి ఎక్కిందా అని అడగడం. అంతకంటే పెద్దదేమీ కాదు. చిన్నది కూడా కాదు. ఎందుకు కాదో చెప్పాలంటే 2009 సంగతి చెప్పాలి.

ఆ సంవత్సరం ఇంటరు అయిపోయింది. మేము ముగ్గురం. ఆరో తరగతి నుంచి ఒకే గదిలో, మూడు పెట్టెలు వరసగా పెట్టుకుని పెరిగినవాళ్ళం. మూడోవాడి పేరు రాయడం లేదు. వాడే వద్దన్నాడు. మా బ్యాచ్ వాళ్ళకు పేరు చెప్పకుండానే తెలుస్తుంది. లెక్కల్లో మా ఇద్దరికంటే చురుకు. స్టడీ అవర్‌లో కరెంటు పోతే చీకట్లోనే నోటితో లెక్కలు చేసి చూపించేవాడు. ముగ్గురికీ ఇంజనీరింగులో సీట్లు వచ్చాయి. ఫీజుకు, స్కాలర్‌షిప్పుకు దరఖాస్తు కంప్యూటరులో నింపాలన్నారు. టౌనులో ఒక ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళాం. మధ్యాహ్నం రెండింటికి కరెంటు కోత. మా ఇద్దరివీ పూర్తయి ప్రింట్లు వచ్చేసరికి ఒంటిగంటన్నర దాటింది. మూడోవాడిది చివరి పేజీ దాకా వచ్చి, వివరాలు భద్రపరచబడినట్టు ఆకుపచ్చ అక్షరాలతో ఒక వాక్యం కనిపించింది. ప్రింటు కొట్టేలోపు కరెంటు పోయింది.

"సేవ్ అయిందిలే తమ్ముడూ, నేను చూశాగా. ప్రింటు రేపు తీసుకో" అన్నాడు సెంటరాయన. మేమూ చూశాం. ముగ్గురం చూశాం.

మర్నాడు వాడు ఊరికి వెళ్ళాడు. రెండు నెలల తర్వాత జాబితా వస్తే అందులో వాడి పేరు లేదు. అడిగితే అసలు ఆ దరఖాస్తే లేదన్నారు. గడువు దాటిపోయింది. ఫీజు కట్టమని కాలేజీవాళ్ళు ఒత్తిడి పెట్టారు. వాళ్ళమ్మ మిరపకాయల కోతలకు వెళ్ళే మనిషి. ఎక్కడి నుంచి తెస్తుంది? చేరిన మూడో నెలలో వాడు పెట్టె సర్దుకున్నాడు. బస్టాండు దాకా వెళ్ళి ఎక్కించి వచ్చాం. ఆ ఏడాది కూలికి పోయి, మరుసటి ఏడాది ఐటీఐలో ఎలక్ట్రీషియను కోర్సులో చేరాడు. ఆ దరఖాస్తు ఎక్కడ పోయిందో, ఆ కంప్యూటరులోనా, దారిలోనా, అవతలా అన్నది ఇప్పటికీ ఎవరికీ తెలియదు. మేము మాత్రం ఆ సెంటరాయన్ని తిట్టని తిట్టు లేదు. పదేళ్ళకు పైగా తిట్టాం.

చదువులు ముగిసి, చిన్నాచితకా ఉద్యోగాలు చేసి, చివరకు మేమిద్దరం వేరువేరు దారుల్లో ఒకే పనిలోకి వచ్చాం. కంప్యూటరులో అన్నిటికంటే అడుగున నడిచే ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. మీరు ఏ అప్లికేషను వాడినా మామూలుగా అది డిస్కును తానే ముట్టుకోదు. కెర్నెల్‌ను అడుగుతుంది. స్టోరు తాళం వార్డెను సారు దగ్గర ఉన్నట్టు. అందులో రాత పనులు చూసే మూలలో మేము కూర్చున్నాం.

ఒక ప్రోగ్రాము "ఇది ఫైలులో రాయి" అంటే కెర్నెల్ వెంటనే డిస్కు మీద రాయదు. డిస్కు నెమ్మదిది. అందుకని ముందు మెమరీలో పెట్టుకుని "రాశాను" అంటుంది. తీరిక చూసుకుని డిస్కుకు పంపుతుంది. లినక్స్‌లో మామూలు అమరిక ప్రకారం అలా రాసినది దాదాపు 30 సెకన్లు మెమరీలోనే ఉండిపోవచ్చు. ఆలోపు కరెంటు పోతే అంతే. పలక తడిసినట్టే. అలా కాకూడదనుకున్న ప్రోగ్రాము ఎఫ్‌సింక్ అనే పిలుపు పిలవాలి. "డిస్కులోకి ఎక్కిందాకా నాకు జవాబు చెప్పకు" అని దాని అర్థం. బ్యాంకు ఖాతాల సాఫ్ట్‌వేర్లు, దరఖాస్తులు తీసుకునే సాఫ్ట్‌వేర్లు సక్రమంగా రాసి ఉంటే ఈ పిలుపుకు జవాబు వచ్చాకే తెర మీద "భద్రపరచబడింది" అని వేస్తాయి. సక్రమంగా రాయకపోతే ముందే వేస్తాయి. తెర మీద అక్షరాలు మాత్రం రెండుచోట్లా ఒకేలా ఉంటాయి.

2015లో ఇంటెల్, మైక్రాన్ సంస్థలు కలిసి కొత్తరకం మెమరీ తెచ్చామని ప్రకటించాయి. 2019లో ఇంటెల్ దాన్ని ఆప్టేన్ పేరుతో, మామూలు ర్యామ్ పెట్టే గాడిలోనే పెట్టుకునే పలకలుగా అమ్మకానికి పెట్టింది. ఒక్కోటి 128, 256, 512 జీబీలు. దీని విశేషం ఏమిటంటే కరెంటు పోయినా ఇది మరచిపోదు. అందుకే దీన్ని పర్సిస్టెంట్ మెమరీ అంటారు. డిస్కుతో పని లేకుండా ప్రాసెసరు నేరుగా మెమరీలో రాసినట్టే రాస్తుంది, రాసింది నిలుస్తుంది. రిజిస్టరును ఆఫీసు గదిలోంచి తెచ్చి వంటగది గుమ్మంలోనే పెట్టినట్టయింది. ఇక పలక బాధ తీరిందని అందరూ అనుకున్నారు. మేమూ అనుకున్నాం.

తీరలేదు. ఎందుకో వినండి.

ప్రాసెసరు ఒక అంకెను "మెమరీలో రాయి" అన్నప్పుడు అది నేరుగా మెమరీకి పోదు. ముందు ప్రాసెసరులోనే స్టోర్ బఫర్ అనే చిన్న చోటులో ఉంటుంది. అది కామాటి కేక. తర్వాత కాష్ అనే వేగమైన మెమరీలోకి వస్తుంది. అది పలక. అక్కడి నుంచి ఎప్పుడో మెమరీ కంట్రోలరు వరుసలోకి పోతుంది. అది సారు చేతిలోని చీటీ. చివరికి మెమరీ చిప్పుల్లోకి ఎక్కుతుంది. అది రిజిస్టరు. మామూలు ర్యామ్ ఉన్నంతకాలం దీన్ని ఎవరూ పట్టించుకోలేదు. కరెంటు పోతే పలకా పోతుంది, రిజిస్టరూ పోతుంది, ఇక తేడా ఏముంది? రిజిస్టరు నిలిచేదైనప్పుడే పలక మీద మిగిలిపోయినది బాధ పెడుతుంది. పర్సిస్టెంట్ మెమరీ వచ్చాక కాష్‌లో ఉన్న రాతను అవతలికి నెట్టడం కెర్నెల్ నెత్తిన పడ్డ కొత్త పని. దాన్నే ఫ్లష్ చేయడం అంటారు.

ఇంటెల్ ప్రాసెసర్లలో దానికి ఆజ్ఞలు ఉన్నాయి. సీఎల్‌ఫ్లష్ అనేది పాతది. పలక మీది గీతను రిజిస్టరుకు పంపి, పలక మీద తుడిచేస్తుంది. పైగా ఒకటి అయ్యాకే ఇంకొకటి. తర్వాత వచ్చిన సీఎల్‌ఫ్లష్‌ఆప్ట్ అనేకం ఒకేసారి చేయగలదు. ఆ తర్వాతది సీఎల్‌డబ్ల్యూబీ. రిజిస్టరుకు పంపుతుంది, పలక మీద కూడా ఉంచగలదు, మళ్ళీ చదవాలంటే సులువు. అయితే ఈ కొత్త రెండూ ఇచ్చినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. "బయలుదేరండి" అన్నట్టు. వెళ్ళారా లేదా తేల్చుకోవడానికి ఎస్‌ఫెన్స్ అనే ఇంకో ఆజ్ఞ ఇవ్వాలి. దాని ముందున్నవన్నీ అయ్యేదాకా దాని తర్వాతి రాతలు గడప దాటవు.

ఒకటి చెబితే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. కాష్‌లో రాతలు 64 బైట్ల వరుసలుగా ఉంటాయి. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. మన తెలుగు అక్షరానికి కంప్యూటరులో సాధారణంగా మూడు బైట్లు పడతాయి, గుణింతం, ఒత్తు ఉంటే ఇంకా ఎక్కువ. అంటే ఇంటిపేరుతో సహా ఒక పూర్తి పేరు ఒక వరుసలో పట్టకపోవచ్చు. రెండు వరుసల్లో ఉన్న పేరులో ఒక వరుస మెమరీకి చేరి, రెండోది చేరకముందే కరెంటు పోతే? మళ్ళీ వచ్చేసరికి సగం కొత్త పేరు, సగం పాత పేరు ఉంటుంది. కరెంటు పోయినా ముక్కలు కాకుండా ఒకేసారి చేరుతుందన్న హామీ 8 బైట్ల దాకానే. మూడు తెలుగు అక్షరాలు కూడా పట్టవు. మిగతా భారమంతా ప్రోగ్రాము రాసేవాడిదే.

అందుకే వరుసక్రమం ప్రాణం లాంటిది. బియ్యం బస్తా స్టోరులోకి దించాకే రిజిస్టరులో రాయాలి. ముందే రాసేసి, బస్తా దారిలో ఉండగా తనిఖీ వస్తే రిజిస్టరు అబద్ధం చెప్పినట్టు. దించాక రాయడం ఆలస్యమైతే స్టోరులో ఒక బస్తా ఎక్కువ కనిపిస్తుంది, అంతే. లోటు దిద్దుకోవచ్చు. అబద్ధాన్ని నమ్మి దాని మీద ఇంకా పది రాతలు రాస్తే దిద్దుకోవడం కష్టం. ఫైలు సిస్టములూ అంతే. ముందు కొత్త వివరాలను వేరే చోట రాయాలి. ఫ్లష్ చేయాలి. చేరాయని తేల్చుకోవాలి. అప్పుడు "అసలు వివరాలు ఇదిగో ఇక్కడున్నాయి" అని చూపే 8 బైట్ల గుర్తును మార్చాలి. దాన్నీ ఫ్లష్ చేయాలి. మధ్యలో ఎప్పుడు కరెంటు పోయినా పాతది పూర్తిగా ఉంటుంది, లేదా కొత్తది పూర్తిగా ఉంటుంది. సగం సగం ఉండదు.

ఒక సంక్రాంతికి ఊరికి వచ్చినప్పుడు ఇదంతా మూడోవాడికి చెప్పాం. వాడిప్పుడు మన టౌనులోనే వైరింగు కాంట్రాక్టులు చేస్తున్నాడు. మేడ మీద కూర్చుని ఓపిగ్గా విని ఒక ప్రశ్న వేశాడు.

"ఒరేయ్, కరెంటు పోయింది అంటున్నారు గానీ, అది ఒక్కసారిగా సున్నా కాదు కదా. కెపాసిటర్లలో కాస్త మిగులుతుంది. ఆ కాస్తలో ఏం చేస్తుందిరా మీ మిషను?"

మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ విషయం అర్థం కావడానికి మాకు ఉద్యోగంలో ఆరు నెలలు పట్టింది. ఇంటెల్ మొదట్లో పీకమిట్ అనే ఇంకో ఆజ్ఞ కూడా తెస్తామని ప్రకటించింది, సారు చేతిలోని చీటీ కూడా రిజిస్టరుకు ఎక్కిందాకా ఆగడానికి. 2016లో దాన్ని మానుకుంది. కారణం మావాడు అడిగినదే. కరెంటు పోతున్నట్టు సంకేతం రాగానే, సరఫరాలో మిగిలిన ఆ కాస్త శక్తితో మెమరీ కంట్రోలరు వరుసలో ఉన్నవాటిని మెమరీలోకి దించేసే ఏర్పాటును ఈ మెమరీ పెట్టే సర్వర్లకు తప్పనిసరి చేశారు. కాబట్టి చీటీ దాకా చేరితే చాలు, రిజిస్టరుకు ఎక్కినట్టే. 2021లో వచ్చిన సర్వరు ప్రాసెసర్లలో తయారీదారు తగినంత శక్తి నిల్వ పెడితే కాష్‌ను కూడా అలాగే దించే వీలు వచ్చింది. కానీ అన్ని యంత్రాల్లో అది ఉండదు. ఉందో లేదో కెర్నెల్ తెలుసుకుని నడుచుకోవాలి.

"అయితే మిషను చివరి ఊపిరితో రాస్తుందన్నమాట" అన్నాడు వాడు. మేము చదివిన ఏ పుస్తకంలోనూ ఇంత సూటిగా లేదు.

ఇప్పుడు ఆ రెండో బాకీ సంగతి.

ఈ రోజుల్లో ఒక పెద్ద కంప్యూటరులో చాలా చిన్న కంప్యూటర్లు ఉన్నట్టు నడుపుతారు. వాటిని వర్చువల్ మిషన్లు అంటారు. లోపలి కంప్యూటరుకు "నీకు పర్సిస్టెంట్ మెమరీ ఉంది" అని చూపిస్తారు. నిజానికి బయటి కంప్యూటరులో అది మామూలు డిస్కు మీది ఫైలు కావచ్చు. అప్పుడు లోపలివాడు సీఎల్‌డబ్ల్యూబీ ఎన్నిసార్లు ఇచ్చినా అది బయటివాడి ర్యామ్‌లోకే చేరుతుంది. అది తడిసిపోయే పలకే. అందుకని 2019లో లినక్స్ 5.3లో వర్ట్‌ఐఓ-పీమెమ్ అనే ఏర్పాటు వచ్చింది. లోపలివాడు ఎఫ్‌సింక్ పిలిస్తే ఆ కోరిక బయటివాడికి వెళుతుంది. బయటివాడు తన ఫైలుకు తాను ఎఫ్‌సింక్ చేసి, అయ్యాక "అయింది" అని జవాబు పంపాలి. అలాంటి పద్ధతిలోనే నడిచే ఒక ఏర్పాటులో, ఆ "అయింది" అనే జవాబు పంపే భాగం మేము పనిచేసిన చోట మాకు అప్పగించారు.

ఎఫ్‌సింక్ ఖరీదైన పని. లోపలి నుంచి కోరికలు వెంటవెంటనే వచ్చేవి. ఒక్కోదానికి ఒక్కో ఎఫ్‌సింక్ చేస్తే చాలా నెమ్మది. అందుకని ఒక తెలివి చేశాం. ఒక ఫ్లష్ నడుస్తుండగా ఇంకో కోరిక వస్తే దానికి వేరే ఫ్లష్ మొదలుపెట్టకుండా, నడుస్తున్నది అయిపోగానే ఇద్దరికీ "అయింది" అని చెప్పేయడం. రాసింది మాలో ఒకరం. చూసి బాగుంది అన్నది మరొకరం. వేగం బాగా పెరిగింది. అందరూ మెచ్చుకున్నారు.

అలాంటి పనికి పరీక్ష ఒకటే. లోపలి కంప్యూటరు ఒకటి, రెండు, మూడు అని అంకెలు రాస్తూ, ప్రతి అంకెకూ "అయింది" వచ్చాక ఆ అంకెను పక్కనున్న ఇంకో యంత్రానికి చెబుతుంది. మధ్యలో బయటి కంప్యూటరుకు కరెంటు తీసేస్తాం. మళ్ళీ వేశాక చూస్తాం. పక్క యంత్రానికి చెప్పిన ప్రతి అంకే ఇక్కడ ఉండాలి. రాత్రంతా దానంతట అదే కరెంటు తీస్తూ వేస్తూ ఉండేలా పెట్టి ఇంటికి పోయేవాళ్ళం. చాలా రోజులు అంతా సరిగానే ఉంది. ఒకరోజు పొద్దున చూస్తే ఒక్క అంకె లేదు. వేల అంకెల్లో చిట్టచివరిది ఒకటి. పక్క యంత్రం "చెప్పావు" అంటోంది. ఇక్కడ లేదు.

"పరీక్షలోనే ఏదో పొరపాటు ఉంటుంది, మళ్ళీ నడపండి" అన్నారు తోటివాళ్ళు. మళ్ళీ నడిపితే రాలేదు. వదిలేయవచ్చు. కానీ ఒక జాబితా, అందులో లేని ఒక్క పేరు మేము ఒకసారి చూసి ఉన్నాం. వదలడానికి మనసొప్పలేదు. పదకొండు రోజులు వెతికాం. పన్నెండో రోజు దొరికింది. మేము మెచ్చుకోళ్ళు పొందిన ఆ తెలివిలోనే ఉంది.

తప్పు ఏమిటో హాస్టలు భాషలో చెబుతాం. మా రోజుల్లో ఇంటికి ఇన్‌లాండు ఉత్తరాలు రాసేవాళ్ళం. ఆదివారం కామాటి అందరి ఉత్తరాలు సంచిలో వేసుకుని పోస్టాఫీసుకు వెళ్ళేవాడు. వాడు గేటు దాటి వెళ్ళాక మీరు ఉత్తరం రాయడం ముగించారనుకోండి. "కామాటి పోస్టుకు వెళ్ళాడు కదా, వాడు తిరిగొస్తే నా ఉత్తరం కూడా పోయినట్టే" అని అనుకుంటారా? అనుకోరు. ఉత్తరం ఇంకా మీ చేతిలోనే ఉంది. మేము సరిగ్గా అదే అనుకున్నాం. నడుస్తున్న ఫ్లష్ తాను మొదలైనప్పటికి ఉన్న రాతలకే హామీ. తర్వాత వచ్చిన రాతలు అందులో కలవవచ్చు, కలవకపోవచ్చు. ఎక్కువసార్లు కలిసేవి. అందుకే అన్ని రోజులు తప్పు బయటపడలేదు.

దిద్దుబాటు కొన్ని పంక్తులే. కోరిక ఎప్పుడు వచ్చింది, ఫ్లష్ ఎప్పుడు మొదలైంది అని రెండు వేళలు పోల్చాలి. తాను వచ్చాక మొదలైన ఫ్లష్ అయిపోతేనే "అయింది" అనాలి. కామాటి ముందే బయలుదేరి ఉంటే వాడి రెండో ట్రిప్పు కోసం ఆగాలి. ఆ రెండో ట్రిప్పులో ఎంతమందివైనా కలిపి పంపవచ్చు. లినక్స్‌లో అనేక డిస్కులను కలిపి నడిపే ఎండీ డ్రైవరులో ఇదే పోలిక ఎప్పుడో పెట్టారని తర్వాత చూసి సిగ్గుపడ్డాం. దిద్దాక వేగం కొంత తగ్గింది. ఎందుకు తగ్గిందని పైవాళ్ళు అడిగారు. జరిగినదంతా దాచకుండా రాసి పంపాం. ఇది మేము రాసిన తప్పేనని కూడా రాశాం.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. పదేళ్ళకు పైగా తిట్టిన ఆ సెంటరాయన గుర్తొచ్చాడు. ఆయన ఆకుపచ్చ అక్షరాలు చూశాడు, నమ్మాడు, చెప్పాడు. ఆ అక్షరాలు వేసే ప్రోగ్రాము రాసినవాడు ఇంకెవరో. వాడు కూడా మాలాగే బాగా చదువుకున్నవాడే అయ్యుంటాడు, వేగం పెంచి మెప్పు పొందినవాడే అయ్యుంటాడు. అక్కడ నిజంగా ఏం జరిగిందో మాకు తెలియదు గానీ, ఆ కుర్చీలో ఇప్పుడు మేము కూర్చున్నాం.

మర్నాడు మూడోవాడికి ఫోన్ చేసి మొత్తం చెప్పాం. మనసులో బరువు దించుకోవడానికే చేశాం. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగాడు:

"ఎవరిదైనా పోయిందా?"

"లేదురా. పరీక్షలోనే దొరికింది. బయటికి వెళ్ళలేదు."

"అయితే సరే. నా వైరింగులో కూడా నేను ఎర్తింగు పెట్టి ఊరుకోను, మీటరు పెట్టి చూస్తాను. చూడకపోతే పెట్టనట్టే లెక్క. మీరు చూశారు కాబట్టి దొరికింది. పడుకోండి."

ఆ ఆప్టేన్ మెమరీ ఎంతోకాలం సాగలేదు. 2021లో మైక్రాన్ తప్పుకుంది. 2022లో ఇంటెల్ కూడా ఆ వ్యాపారాన్ని ముగిస్తున్నట్టు ప్రకటించింది. మేము కష్టపడి నేర్చుకున్న సరుకు మూడేళ్ళకే దుకాణం కట్టేసింది. కానీ నేర్చుకున్నది వృథా పోలేదు. సీఎక్స్‌ఎల్ అనే కొత్త పద్ధతిలోనూ కరెంటు పోయినప్పుడు అన్నిటినీ కలిపి దించే ఏర్పాటు ఉంది. డిస్కులైనా, మెమరీ అయినా, రేపు రాబోయేది ఇంకేదైనా ప్రశ్న మాత్రం వంట అక్క వేసినదే.

తమ్ముళ్ళూ, మీకు నీతులు చెప్పేంత పెద్దవాళ్ళం కాదు. రెండు మూడు మాటలు మాత్రం చెబుతాం. దరఖాస్తు నింపితే నంబరు కాగితం మీద రాసుకోండి, ప్రింటు చేతికి వచ్చేదాకా కుర్చీ దిగకండి. మర్నాడు వేరే చోటి నుంచి అదే నంబరు కొట్టి, మీ పేరు, మీ నాన్న పేరు సరిగా ఉన్నాయో చూసుకోండి. కరెంటు పోయే వేళకు ముందే పని ముగిసేలా వెళ్ళండి. మీలో కొందరు రేపు కుర్చీకి అవతలి వైపు కూర్చుంటారు. ఆఫీసులోనో, బ్యాంకులోనో, మాలాగా కెర్నెల్ మూలలోనో. అప్పుడు ఎవరైనా గుమ్మం దగ్గర నిలబడి "అయిందా సారూ?" అని అడిగితే, అయ్యాకే అయిందనండి. కాకపోతే కాలేదనండి. కాలేదు అంటే ఆ మనిషి ఇంకోసారి వస్తాడు, ఇంకో దారి చూసుకుంటాడు. కాకుండానే అయిందంటే ఇంటికి వెళ్ళిపోతాడు. మావాడు అలాగే వెళ్ళిపోయాడు.

ఈ ఏడాది వార్షికోత్సవానికి మా బ్యాచ్ తరఫున కంప్యూటరు గదికి ఒక ఇన్వర్టరు, రెండు బ్యాటరీలు, ఒక ప్రింటరు ఇస్తున్నాం. బిగించేది మూడోవాడే. మీటరు పెట్టి చూశాకే వెళతానన్నాడు. ఆరోజు వంట అక్కను కూడా పిలవమని వార్డెను గారిని కోరుతున్నాం. రిటైరైనా ఆమె మన పక్క వీధిలోనే ఉంటున్నారు.

చివరగా ఒక మాట. ఈ వ్యాసం పంపాక సంచిక పని చూస్తున్న తమ్ముడికి ఫోన్ చేశాం. "అందిందన్నా" అన్నాడు. అందిందా అని మేము అడగలేదు తమ్ముడూ, ఫైలు తెరిచి చివరి వాక్యం చదివి వినిపించు అన్నాం. నవ్వుతూ చదివాడు. అప్పుడు పెట్టేశాం ఫోను.

మన హాస్టలుకు, మనకు అన్నం పెట్టిన చేతులకు నమస్కారాలతో,
2007 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థులు ఇద్దరు